ఎనిమిదో ప్రశ్న

పార్వేట దినాల్లో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో ఖాళీగా కూర్చున్న మనిషి కనబడడు. కనుమ నాడు అహోబిలంలో బయలుదేరిన పల్లకి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతూనే ఉంటుంది. దాని వెనక మోసేవాళ్ళు, వండేవాళ్ళు, చూడవచ్చిన చుట్టాలు. దేవుడిది తన పెళ్ళికి ఊరూరా పిలిచే పని, ఆడవాళ్ళది పొయ్యి దగ్గర పని. ఆశా కార్యకర్త ప్రేమకుమారికి మాత్రం దేవుడు ఊళ్ళో ఉన్నా కొండ మీద ఉన్నా ఒకటే. నూట తొంభై ఇళ్ళు, ఒక సంచి, ఒక మోకాలు. రెండో మోకాలిని ఆమె లెక్కలోకి తీసుకోవడం మానేసి రెండేళ్ళయింది.

మంగళవారం పదిన్నరకు నరసింహమ్మ ఇంటి ముందు చెప్పులు విడిచింది. ఆ ఇంటికి మూడు మెట్లు. ప్రేమకుమారి రెండో మెట్టు దాకా ఎక్కుతుంది. పైకి రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని ఆమె కూడా అనలేదు, అట్లా పదకొండేళ్ళు గడిచిపోయాయి. మెట్ల పైన పంచ. పంచలో కుడివైపు మూలన గోడకు చుట్టి నిలబెట్టిన చాప. ఆ ఇంటి ఆడమనిషి నెలలో బయట చేరినప్పుడు మూడు రోజులు దానిమీదే కూర్చుంటుంది. మూడు రోజులు ఆమె లోపల దేన్నీ ముట్టదు, ఆమెను ఎవరూ ముట్టరు.

"పెద్దమ్మా, మాత్రలు తెచ్చినా" అంది ప్రేమకుమారి.

నరసింహమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. అరవై ఐదేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది, ఇప్పుడు నడుము దగ్గర కాస్త వంగింది. ప్రేమకుమారి రెండు అట్టలు గడప పక్కన పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాక ఆమె వంగి అందుకుంది. ఒక్కో అట్టలో ఇరవయ్యొక్క తెల్లమాత్రలు, ఏడు ఎర్రమాత్రలు. పిల్లలు పుట్టకుండా నరసింహమ్మ కోడలు కమలిని వేసుకునేవి అవి. ఎర్రవి మింగే వారంలోనే నెలసరి వస్తుంది.

"ఎర్రవి వద్దులే, ఇచ్చినా పారేస్తాండా. తెల్లవి అయిపోతానే ఇంకో అట్ట మొదలుపెట్టిస్తాండా" అంది నరసింహమ్మ. "పార్వేట అయిపోయే దాకా అది బయట చేరితే నాకు జరగదు. శనివారం పదిహేను మందికి ఆకులెయ్యల్ల. అబ్బోడు కూడా పల్లకి ఎంబడే పోతాండాడు."

అబ్బోడంటే ఆమె కొడుకు శ్రీవిష్ణు, అహోబిలంలో ప్రసాదాల వంటశాలలో పని. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆపరేషన్ మాట ఎత్తితే నరసింహమ్మ ముఖం తిప్పుకుంటుంది. ఎప్పటికైనా ఒక మగపిల్లవాడు పుట్టి ఆ గరిటె అందుకుంటాడని ఆమె ఆశ. ఇప్పుడే వద్దు, ఎప్పటికీ వద్దనే మాట మాత్రం లేదు. అందుకే మాత్రలు.

లోపల ఇత్తడి బిందె పడ్డ చప్పుడయింది. నీళ్ళు వంటింటి గడప దాటి పంచ దాకా పారాయి.

"ఏందే అది?" అంది నరసింహమ్మ వెనక్కి తిరగకుండానే.

"చెయ్యి తిమ్మిరెక్కిందత్తా."

కమలిని తలుపు పట్టుకుని నిలబడింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. తడి మడిచీర కట్టుకుని, కుడి చెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది. ప్రేమకుమారి వైపు చూసింది కానీ చూపు ఆమె మీద కుదరలేదు.

"అక్కా, నీ మొగం సగమే కనపడతాంది. కండ్ల ముందర ముగ్గు తిరుగుతాంది. అంచులు మెరుస్తాండాయి. ఇంగ గడియకు తలకాయ మొదలైతాది."

"ఒంటితల నొప్పి, పుట్టింటి నుంచి తెచ్చుకునింది" అంది నరసింహమ్మ. "శొంఠి అరగదీసి పట్టేస్తే పోతాది. పోయి పండుకోపో. ఆ నీళ్ళు నేను తుడుస్తాలే."

"ఎన్ని దినాలకొకసారి వస్తాంది?" అని అడిగింది ప్రేమకుమారి.

"ముందర నెలకొకటి. ఇప్పుడు వారానికి రెండు."

"ఇప్పుడంటే?"

కమలిని కళ్ళు మూసుకుని లెక్క వేసింది. "కార్తీకం నుంచి."

కార్తీకంలోనే మాత్రలు మొదలైనవి. ప్రేమకుమారి మెట్టు దిగి చెప్పులు వేసుకుంది. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నట్టు వీధి మలుపులో కానీ తెలియలేదు.

ఇంటికొచ్చి సంచిలోంచి కార్డుల కట్ట తీసి మంచం మీద పరిచింది. మాత్రలిచ్చే ముందు ప్రతి ఆడమనిషినీ అడగవలసిన ప్రశ్నలవి. పది ప్రశ్నలు, పది గడులు. పాలిస్తున్నావా, బీపీ ఉందా, కాళ్ళలో రక్తం గడ్డ కట్టిందా. కమలిని కార్డులో పదింటికీ "లేదు" అనే పెట్టి ఉంది. ఒకే పెన్ను, ఒకే వాలు. చెయ్యి ఎత్తకుండా గీకేసినట్టున్నాయి.

ఎనిమిదో ప్రశ్న ఇదీ: తలనొప్పికి ముందు కళ్ళముందు మెరుపులు, వంకర గీతలు కనిపిస్తాయా?

ఆ రోజు ఏం జరిగిందో ఆమెకు బాగా గుర్తుంది. రెండో మెట్టు మీద నిలబడి అడిగింది నరసింహమ్మనే. కోడలు మడిలో ఉంది, పలకదని ఆమె చెప్పింది. మూడు ప్రశ్నలకే "అట్లాంటి రోగాలేవీ మా ఇంట్లో లేవులే" అని ముసలామె విసుక్కుంది. మిట్టమధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. ఇంకా ఆరిళ్ళున్నాయి. మిగతావి తనే పెట్టేసుకుంది. కమలిని బయట చేరిన రోజుల్లో అయితే పంచలో చాప మీద దొరికేది, ఇద్దరూ గడపకు ఇవతలి మనుషులే కాబట్టి తీరిగ్గా మాట్లాడుకునేవాళ్ళు. మాత్రలు మొదలైనాక ఆ పిల్ల చాప మీదికే రాలేదు. మాట్లాడే చోటును తన మాత్రలే ఎత్తుకుపోయాయన్న సంగతి ప్రేమకుమారికి ఇప్పుడు తట్టింది. చాలా సిగ్గేసింది.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడగనిదే ఆడది చెప్పదన్నది అంతకంటే నిజం. తెలిసిన మాటే, పదకొండేళ్ళుగా తను శిక్షణల్లో విన్న మాటే.

నర్సు కృష్ణమ్మకు ఫోన్ చేసింది. జరిగింది చెప్పింది.

"మెరుపులొచ్చే తలనొప్పికి ఆ మాత్ర ఇయ్యగూడదు గదా ప్రేమా. మెదడులో రక్తం గడ్డ కడితే యాడికి పోతాం? ఈ పొద్దే ఆపించు. నంద్యాలకు తీసకపోయి డాక్టరమ్మకు చూపించు. చెయ్యి తిమ్మిరంటాందంటే ఇంగ బేగ పోవల్ల."

"కార్డు..."

"కార్డు సంగతి నువ్వే చూసుకో" అని ఫోన్ పెట్టేసింది. నర్సుకు కోపం లేదు. ఆమెకూ అట్లాంటి కట్టలు ఇంకా ఉన్నాయి.

ప్రేమకుమారి ఆ సాయంత్రమే మళ్ళీ నరసింహమ్మ ఇంటికి వెళ్ళింది. మాత్రలు ఆపితే బయట చేరుతుంది, ఇదీ నరసింహమ్మ మొదటి మాట, చివరి మాట. శనివారం పదిహేను ఆకులు ఎవరు వేస్తారు? కొడుకుకు ఫోన్ చేసి చెవి దగ్గర పెట్టుకుంది. పల్లకి దగ్గర మేళాల చప్పుడులో శ్రీవిష్ణు అన్న మాట మెట్టు మీదికి కూడా వినబడింది. "నువ్వెట్లంటే అట్లమ్మా."

"పెద్దమ్మా, పక్షవాతం వస్తే ఆకులెవరేస్తారు, దాన్నెవరెత్తి కూచోబెడతారు?" అంది ప్రేమకుమారి. ఆ మాట ఆమె గొంతుకే మొరటుగా వినిపించింది. "వేరేవి ఉండాయి. వారానికొకటి ఏసుకునే మాత్ర ఉంది. దాంట్లో ఈ మందు ఉండదు. కొందరికి బయట చేరడం కూడా వెనక్కి పోతాది."

నరసింహమ్మ ఆ చివరి మాట పట్టుకుంది. "అయితే అది తెచ్చుకోండి. గురువారం పోయి సాయంత్రానికి రాండి."

గురువారం పొద్దున్నే నంద్యాల బస్సెక్కారు. కమలిని కిటికీ పక్కన కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. చెట్ల మధ్య నుంచి ఎండ పడుతూ పోతూ ఉంటే ఆమె కొంగును ఇంకా కిందికి లాక్కుంటోంది. ప్రేమకుమారి పక్కకు జరిగి తన భుజం ఎండకు అడ్డం పెట్టింది.

"పిల్లలు?" అంది ప్రేమకుమారి శిరివెళ్ళ దాటినాక.

"పక్కింటోళ్ళ దగ్గర. మూడిటికి లేసి వంట చేసిపెట్టొచ్చినా."

"తల నొస్తాన్నా?"

"పొయ్యికేం తెలుసక్కా తల నొస్తాందని."

ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా వరుసలో కూర్చున్నారు. డాక్టరమ్మ నలభై దాటిన మనిషి. ముందున్న గ్లాసులో టీ మీద మీగడ కట్టి ఉంది. బీపీ చూసింది, కమలిని రెండు చేతులూ ముందుకు చాపమంది, తన వేళ్ళు పట్టుకుని గట్టిగా నొక్కమంది, నవ్వమంది, కళ్ళలోకి లైటు వేసి చూసింది. చేతులు బాగానే ఉన్నాయి, తిమ్మిరి ఆ తలనొప్పితో వచ్చేదే అంది. ఎప్పుడైనా ఒక పక్క చెయ్యి కాలు పడిపోయినట్టున్నా, మూతి వంకర పోయినా, మాట తడబడినా మాత్రం శొంఠి పట్టు వేసుకుని పడుకోకుండా వెంటనే రావాలి.

తర్వాత కార్డు అందుకుంది. ఎనిమిదో గడి మీద వేలు పెట్టింది.

"ఇక్కడ లేదని ఉంది. నిన్ను అడగలేదా అమ్మా?"

కమలిని ప్రేమకుమారి వైపు చూడలేదు. బల్ల అంచు చూస్తూ, "అడిగింది మేడం. నేనే లేదన్నా" అంది.

తప్పు ఎంత తేలిగ్గా చేతులు మారిందో ప్రేమకుమారి చూసింది. ఊరుకుంటే సరిపోతుంది. కార్డు తిరిగి సంచిలోకి పోతుంది, అడగని ప్రశ్న ఈ పిల్ల చెప్పని జవాబైపోతుంది. ఊళ్ళో ఆడవాళ్ళ నెత్తిన పడే నిందలన్నీ ఇట్లాగే కదా పడతాయి, పక్కనున్నవాళ్ళు నోరు మూసుకుంటే.

"లేదు మేడం" అంది. "నేనడగలే. వాళ్ళత్తను మూడడిగి, మిగతావి నేనే పెట్టేసినా."

డాక్టరమ్మ తిట్టలేదు. ఓపిక లేకనో, బయట ఇంకా ముప్పై మంది ఉన్నారనో. "ఇట్లాంటివి ఎన్ని కార్డులున్నాయి నీ దగ్గర?"

"మాత్రలు తీసుకునేటోళ్ళు ఇరవై ముగ్గురు."

"ఇరవై ముగ్గుర్నీ మళ్ళీ అడుగు. వాళ్ళనే అడుగు, వాళ్ళ అత్తల్ని కాదు."

తర్వాత కమలిని వైపు తిరిగి నిదానంగా చెప్పింది. ఇప్పటిదాకా రోజూ వేసుకున్న మాత్రలో ఉండే ఒక మందు వల్ల ఈ రకం తలనొప్పి ఉన్నవాళ్ళలో మెదడు రక్తనాళం మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. వందలో ఒక్కరికి కూడా రాకపోవచ్చు. కానీ వేరే దారులున్నప్పుడు ఆ ఒక్కరు నువ్వెందుకు కావాలి? వారం మాత్రలో ఆ మందు లేదు. కాపర్‌-టీలో మందే ఉండదు, గర్భసంచిలో పెడతారు, పదేళ్ళు పనిచేస్తుంది, పిల్లలు కావాలంటే ఎప్పుడైనా తీసేయొచ్చు. మగవాళ్ళ ఆపరేషన్ ఉంది, అన్నిటికంటే సులువు, కానీ ఇన్నేళ్ళలో దానికోసం ఈ గదిలోకి వచ్చినవాళ్ళు ఇద్దరే.

"వారం మాత్రతో నెలసరి వెనక్కి పోవచ్చు. కాపర్‌-టీ అయితే మొదట్లో కాస్త ఎక్కువవుతుంది, రెండ్రోజులు ఎక్కువ ఉండొచ్చు, కడుపునొప్పీ ఉండొచ్చు. రెండూ నీకు సరిపోతాయి. ఏది కావాలో నువ్వే చెప్పాలి."

"రెండ్రోజులు ఎక్కువంటే, మొత్తం ఎన్ని మేడం?"

"ఐదు, ఆరు. భయపడొద్దు. కొన్ని నెలలకు తగ్గిపోతుంది చాలామందికి."

"తగ్గిపోతాదా?" అంది కమలిని.

డాక్టరమ్మకు ఆ గొంతులో ఊరట వినిపించినట్టుంది, తల ఊపింది. ప్రేమకుమారికి మాత్రం అది ఊరటగా వినిపించలేదు. ఏదో చేజారిపోతున్నట్టు అడిగింది ఆ పిల్ల.

"కాపర్‌-టీనే ఎయ్యండి మేడం" అంది కమలిని.

పది నిమిషాల పని. తర్వాత కాసేపు బయట బల్ల మీద పడుకోమన్నారు. కమలిని మోకాళ్ళు ముడుచుకుని ఒక పక్కకు తిరిగి పడుకుంది. ప్రేమకుమారి ఆమె తల దగ్గర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మీ అత్త వారం మాత్ర తెమ్మనింది గదా. నేనేం చెప్పల్ల ఇప్పుడు?"

కమలిని కొంగు కళ్ళ మీదికి లాక్కుంది. "ఆ చాప మీద కూర్చుంటే నన్ను ఎవురూ నీళ్ళు కూడా అడగరక్కా."

ప్రేమకుమారి ముందుకు వంగింది.

"పిల్లలు గడప అవతల కూర్చుని బడి సంగతులు చెప్తారు. ముట్టుకోరు. అప్పుడే వాళ్ళ మాట కడదాకా వింటా. మధ్యలో లేసేది ఉండదు గదా. తలకాయ నొస్తే కండ్లు మూసుకుంటా. ఎవురూ లేపరు." ఆగి గాలి పీల్చుకుంది. "మాత్రలు మొదలైనాక మూడు నెలల్లో ఒక్క దినం కూర్చోలే. బయట చేరడం లేదు, అదృష్టమంటాండారు అందరూ."

ప్రేమకుమారికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ముట్టుకోకూడని మనిషిగా గోడమూల కూర్చోబెట్టడాన్ని సెలవనుకునే దాకా వచ్చింది ఈ పిల్ల. ఆ కోపం కిందే ఇంకొకటి ఉంది, అది అసూయ. తన ముప్పై ఏళ్ళ నెలసరుల్లో తనకెవరూ చాప పరచలేదు. మొదటి రోజు కడుపు పట్టుకుని కూడా తను ఇళ్ళు తిరిగింది, ఆ ఇంటి మెట్లే ఎక్కింది.

సాయంత్రం ఐదున్నరకు ఆళ్లగడ్డలో దిగి ఊరు చేరారు. నరసింహమ్మ పంచలోనే కూర్చుని శనివారానికి చింతపండు గింజలు తీస్తోంది. కమలిని కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ప్రేమకుమారి రెండో మెట్టు మీద నిలబడింది.

"మాత్ర తెచ్చినారా?"

"లేదు పెద్దమ్మా. డాక్టరమ్మ కాపర్‌-టీ ఏసింది. దీని తలనొప్పికి అదే సరిపోతాదంట. వారం మాత్ర పనికిరాదనింది."

కార్డులో ఏడు అబద్ధాలు గీకేసిన చెయ్యి ఈ ఒక్క అబద్ధానికి సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది. నరసింహమ్మ చేతిలో గింజ పక్కన పెట్టింది. చింతపండు అంటిన వేళ్ళను చూసుకుంది.

"అది ఏస్తే ఎక్కువైతాది గదా. మా ఆడబిడ్డకు ఏసినారు."

"అవును."

"ఎన్ని దినాలు?"

"ఐదు. ఆరు కూడా కావచ్చు."

"మూడు నాళ్ళు నేనే అడ్డం పడి చేస్తాంటి" అంది నరసింహమ్మ. "ఇంగ ఆరు. మాత్రలు ఆపినారు, రేపో మాపో చేరుతాది. శనివారం పదిహేను ఆకులు." కాసేపు వీధిలోకి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ మాట డాక్టరమ్మ అనలే. నా కోడలే అది కావల్లని అడిగుంటాది" అంది.

ముసలామె కోపంగా లేదు. చింతపండు పళ్ళెం పక్కకు జరిపి, గోడ పట్టుకుని, ఒక్కో కాలూ కూడదీసుకుని లేచింది. లోపలికి పోతుందనుకుంది ప్రేమకుమారి. పోలేదు. కుడిమూలకు వెళ్ళి చుట్టిన చాప తీసింది. మూడు నెలల దుమ్ము దులిపింది. దాన్ని నేలమీద పరిచి, అంచు మడతపడితే కాలితో సరిచేసింది.

"నాకు ఆగిపోయి పద్నాలుగేండ్లు" అంది చాపను చూస్తూ. "ఆగిన దినం మా అత్త దేవుడికి దండం పెట్టుకునింది. ఇంగ నెలంతా చేస్తాది, ఇంటికి మంచిదాయ అని. నేను పెరట్లోకి పోయి ఏడ్చినా. ముసలిదాన్నైనానని ఏడుస్తాండా అనుకున్యారు. ఎందుకని ఎవురూ అడగలే."

లోపల కమలిని గిన్నెలు సర్దుతున్న చప్పుడు. ప్రేమకుమారికి ఆ ఇంటి గడప దాటి పోయి శనివారం బియ్యం తనే కడిగిపెడితే బాగుండుననిపించింది. ఆ ఇంట్లో చెయ్యి సాయం చేయగలిగిన మనిషి తనే, ఆ చెయ్యి తగలకూడనిదీ తనదే. ఆ మాట ఈ రోజు పైకి అనడానికి ఇద్దరికీ ఓపిక లేదు.

"నడుం ఎప్పటినుంచి నొస్తాంది పెద్దమ్మా?" అంది.

నరసింహమ్మ ఆమె సంచి వైపు చూసింది. కార్డుల అంచులు బయటికి కనిపిస్తున్నాయి.

"ఆ కార్డుల్లో నా వయసోళ్ళకు గడి ఉందా?"

"లేదు."

నరసింహమ్మ మెల్లగా వంగి, తను పరిచిన చాప అంచున, మడిచీరతోనే కూర్చుంది. పద్నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి. కాళ్ళు చాపుకుని వీపు గోడకు ఆనించింది.

"రాసుకోకున్నా ఏం కాదులే" అంది. "అడుగు."

ప్రేమకుమారి సంచి పక్కన పెట్టి రెండో మెట్టు మీద కూర్చుంది.